రాజ్యాంగంలో మా ఆయన అరికాళ్ళ మంట

నేను పదకొండేళ్ళు సోషల్ టీచర్‌గా పనిచేశాను. గుంటూరు దగ్గర ఒక హైస్కూల్లో తొమ్మిది, పది తరగతుల పిల్లల చేత కేంద్ర జాబితా, రాష్ట్ర జాబితా, ఉమ్మడి జాబితా ఊపిరి తీసుకోకుండా అప్పజెప్పించేదాన్ని. ఇది ముందే ఎందుకు చెబుతున్నానంటే, మా ఇంట్లో జరిగిన పొరపాటు చదువు రానివాళ్ళు చేసేది కాదు. కొంచెం చదువు వచ్చి, ఆ వచ్చినదాని మీద గట్టి నమ్మకం ఉన్నవాళ్ళు చేసేది. చేసింది నేనే.

మేం ఉండేది అమెరికాలో, ఆర్కన్సా రాష్ట్రంలో, బెంటన్‌విల్‌లో. ఇక్కడి తెలుగువాళ్ళలో చాలామందిలాగే మా ఆయన కూడా ఒక పెద్ద దుకాణాల కంపెనీకి కాంట్రాక్టు మీద ఐటీ పని చేయడానికి వచ్చారు. ఒక ఏడాది అనుకున్నది పద్ధెనిమిదేళ్ళయింది. గ్రీన్‌కార్డుకే పదమూడేళ్ళు పట్టింది. అది వచ్చాక ఐదేళ్ళు నిండితే పౌరసత్వానికి అప్లై చేసుకోవచ్చు. ఆయన ఆ ఐదేళ్ళనూ ఫ్రిజ్ మీది క్యాలెండర్‌లో నెలనెలా కొట్టేసుకుంటూ వచ్చారు. ఈ రాష్ట్రంలో జనమే సంతకాలు పోగుచేసి రాజ్యాంగానికి సవరణ పెట్టించవచ్చు. అందుకని ఎలక్షన్ల ముందు శనివారం సంతలో ఎవరో ఒకరు అట్ట పట్టుకొని "మీరు రిజిస్టర్డ్ ఓటరా?" అని అడుగుతారు. ఆయన ప్రతిసారీ "నాట్ యెట్" అనేవారు. ఒట్టి "నో" అని ఏనాడూ అనలేదు.

ఆయనకు షుగరు. దానివల్ల వచ్చిన అరికాళ్ళ మంటలు మూడేళ్ళుగా వేపుకు తింటున్నాయి. ఆఫీసు నుంచి రాగానే బూట్లు విప్పి వంటింటి టైల్స్ మీద నిలబడేవారు, చల్లగా ఉంటాయని. లాప్‌టాప్ ఒళ్ళో, కాళ్ళు బకెట్ నీళ్ళలో పెట్టుకొని మీటింగులు చేసేవారు. నేను ఇండియన్ స్టోర్ నుంచి గోరింటాకు పొడి తెచ్చి అరికాళ్ళకు పట్టించాను. మంట తగ్గలేదు సరికదా, రెండు వారాలు ఎర్రటి పాదాలతో తిరిగి, ఎక్కడా సాక్సులు విప్పడానికి సిగ్గుపడ్డారు. డాక్టర్ రాసిన మాత్రలు వేసుకుంటే కళ్ళు తిరిగేవి. ఒకసారి పార్కింగ్ లాట్‌లో పడిపోయి మోచెయ్యి చెక్కుకుపోయింది. ఆ మాత్రలూ ఆపేశారు.

అప్పుడు డాక్టరే అన్నాడట, ఈ రాష్ట్రంలో మెడికల్ కార్డు ఒకటుంది, అది తీసుకుంటే గంజాయితో చేసిన మందు కొనుక్కోవచ్చు, ఆలోచించుకోండి అని. మా ఆయన కార్లో కూర్చున్నాక నాతో ఆ మాట చెప్పి, తనే కోపం తెచ్చుకున్నారు.

"ఏటనుకుంటున్నాడు ఆయన నా గురించి? మా నర్సీపట్నం వైపు గంజాయితో దొరికితే ప్యాకెట్లన్నీ టేబుల్ మీద పేర్చి, వెనకాల మనిషికి ముసుగేసి పేపర్లో ఫోటో వేస్తారు. ఈ వయసులో నాకది కావాలా?"

"డాక్టరు చెప్పాడంటే లీగలే అయ్యుంటుంది కదండీ."

"లీగలో కాదో నువ్వు చూసి చెప్పు, టీచర్ గారూ. నువ్వు సరేనంటే సరే."

వేళాకోళంగానే అన్నారు. కానీ మా ఇంట్లో అది వేళాకోళం కాదు. ఏ కాగితం వచ్చినా నేను చదివి చెప్పడం, ఆయన సంతకం పెట్టడం పెళ్ళయిన దగ్గర్నుంచీ ఉన్న పద్ధతి.

సరే, చదవడం మొదలుపెట్టాను. మొదటి రోజే తల తిరిగింది. మన దేశంలో రాష్ట్రానికి గవర్నరు ఉంటాడు, శాసనసభ ఉంటుంది, హైకోర్టు ఉంటుంది. సొంత రాజ్యాంగం మాత్రం ఉండదు. ఉన్నది ఒక్కటే పుస్తకం. కేంద్రం ఏం చేయాలో, రాష్ట్రం ఏం చేయాలో అందులోనే పంచిపెట్టి ఉంటుంది. ఇక్కడ అలా కాదు. యాభై రాష్ట్రాలకు యాభై రాజ్యాంగాలు, వాటితో పాటు దేశానికి ఇంకొకటి. ఇన్నేళ్ళున్నా ఆ సంగతి నాకు పట్టనే లేదు. డ్రైవింగ్ లైసెన్స్ రాష్ట్రం ఇస్తుంది, దానికోసం కేంద్రం ఇచ్చిన వీసా కాగితాలు చూపించాలి. ఆ క్యూలో ఎన్నోసార్లు నిలబడ్డాను గానీ, ఈ ఇద్దరిలో ఎవరు ఎవరి కింద అని ఒక్కసారీ అడగలేదు.

లైబ్రరీలో దేశ రాజ్యాంగం చిన్న పుస్తకంగా దొరికింది, అరచేతిలో పట్టేంత. ఏడు అధికరణాలు, ఇరవై ఏడు సవరణలు. ఒక పూటలో అయిపోయింది. మన రాజ్యాంగాన్ని మోసినదాన్ని, ఇంతేనా అనుకున్నాను. తర్వాత లాప్‌టాప్‌లో రాష్ట్ర రాజ్యాంగం తెరిచాను. అది ఒక పట్టాన తెగదు. పొలం దస్తావేజులో రాసినట్టు ముందు హద్దులు మొదలుపెట్టారు, ఫలానా నది నుంచి ఫలానా గీత దాకా అని. తర్వాత పౌరుల హక్కులు. దేశ రాజ్యాంగంలో హక్కులు తర్వాత సవరణలుగా వచ్చి చేరితే, ఇక్కడ ముందే కూర్చోబెట్టారు. ఆ తర్వాత శాసనసభ, గవర్నరు, కోర్టులు. అక్కడ దేశానికంతా అధ్యక్షుడు, ఉపాధ్యక్షుడు తప్ప ఎన్నుకునే అధికారులు లేరు. ఇక్కడ ఖజానాకు ఒకరు, లెక్కల తనిఖీకి ఒకరు, భూములకు ఒకరు, అందరినీ జనమే ఎన్నుకుంటారు. సవరణలే వందకు పైగా ఉన్నాయి. వేటాడే హక్కు, చేపలు పట్టే హక్కు, జూదశాలలు, అన్నీ రాజ్యాంగంలోనే. పెళ్ళివారింటి సామాను గదిలా ఉంది. ఎవరికి ఏది భద్రంగా ఉండాలనిపిస్తే అది తెచ్చి అందులో పెట్టేశారు.

అందులోనే దొరికింది నాకు కావలసిన సవరణ. వైద్యానికి గంజాయి వాడుకోవచ్చని చట్టసభ కాదు, జనమే ఓటేసి రాజ్యాంగంలో చేర్చారు. దాని కింద ఏయే జబ్బులకో జాబితా ఉంది. క్యాన్సర్, గ్లకోమా, ఇంకా ఏవేవో. వేలు పెట్టి చదువుకుంటూ పోతుంటే పెరిఫెరల్ న్యూరోపతి అని కనబడింది. అది మా ఆయన జబ్బు. డాక్టర్ చీటీలో రాసిన పేరు, అక్షరం పొల్లుపోకుండా.

నాకు కళ్ళమ్మట నీళ్ళొచ్చాయి, నవ్వితే నవ్వండి. రాజ్యాంగమంటే నేను పాఠం చెప్పింది సార్వభౌమత్వం, సౌభ్రాతృత్వం లాంటి పెద్దపెద్ద మాటలు. అందులో ఒక మనిషి అరికాళ్ళ మంట పేరు ఉంటుందని కలలో కూడా అనుకోలేదు.

అప్పుడు మా అమ్మాయి పదకొండో గ్రేడ్. ఇక్కడే పుట్టింది. స్కూల్లో గవర్నమెంట్ క్లాస్ తీసుకుంటోంది. డైనింగ్ టేబుల్ దగ్గర నా ఉత్సాహమంతా విని అంది.

"అమ్మా, బట్ ఫెడరల్లీ ఇట్స్ స్టిల్ ఇల్లీగల్. డాడీ సిటిజన్ కూడా కాదు కదా."

"ఫెడరల్‌గా ఉన్నదేంటి? చట్టమేగా?"

"యా, ఇట్స్ ఎ లా."

"ఇది రాజ్యాంగం. చట్టం పెద్దదా, రాజ్యాంగం పెద్దదా? రాజ్యాంగానికి విరుద్ధంగా చట్టం ఉంటే ఏది చెల్లుతుంది? మా టెన్త్ క్లాస్ పిల్లాణ్ణి అడిగినా చెప్తాడు."

"దట్స్ నాట్ హౌ ఇట్ వర్క్స్, అమ్మా. మా టీచర్‌ని అడుగుతాను, వెయిట్ చెయ్యి."

"మీ టీచర్‌ని ఎందుకు? నేను టీచర్‌ని కాదా?"

అది భుజాలెగరేసి పైకి వెళ్ళిపోయింది. నేను పట్టిన కుందేటికి మూడే కాళ్ళు. ఆ నోరు మూయించడం నా జీవితంలో చేసిన పెద్ద తప్పు అని ఇప్పుడు రాయడం తేలికే. అప్పుడు మాత్రం క్లాసులో గెలిచినంత సంతోషంగా ఉంది. మా ఆయన వైపు తిరిగి, "మీ జబ్బు పేరు రాజ్యాంగంలో ఉందండీ, ఇంతకంటే గ్యారంటీ ఎవరిస్తారు?" అన్నాను. ఆయన ఆ పేజీ తనూ చూశారు, చాలాసేపు. తర్వాత "సరే" అన్నారు.

డాక్టర్ కాగితం ఇచ్చాడు, రాష్ట్ర ఆరోగ్య శాఖ నుంచి కార్డు వచ్చింది. మెడికల్ షాపులా శుభ్రంగా ఉన్న దుకాణంలో చిన్న జెల్లీ బిళ్ళలు ఇచ్చారు, రోజుకొకటి. ఊరగాయ జాడీల వెనక దాచాను, ఎవరైనా వస్తే కనబడకుండా. పది రోజుల్లో బకెట్ గ్యారేజీలోకి వెళ్ళిపోయింది. నెలలో ఆయన నాతో సాయంత్రం ట్రైల్ మీద నడకకు రావడం మొదలుపెట్టారు. నాకంటే ముందు నడుస్తూ, వెనక్కి తిరిగి "ఏమోయ్, మెల్లగా ఏంటి?" అనేవారు. పదకొండు నెలలు మా ఇల్లు హాయిగా ఉంది. ఆ పదకొండు నెలలూ నేను మనసులో నన్ను నేను మెచ్చుకుంటూనే ఉన్నాను.

ఐదేళ్ళు నిండబోతున్నాయి. ఇద్దరి పౌరసత్వం అప్లికేషన్లూ సరిచూడమని లాయర్‌తో ఒక శనివారం పొద్దున వీడియో కాల్ పెట్టుకున్నాం. పెద్దావిడ, అమెరికన్, నెమ్మదిగా మాట్లాడుతుంది. ఇల్లు, ఉద్యోగం, ప్రయాణాలు, టాక్సులు అన్నీ అయ్యాక, మందులేమైనా వాడుతున్నారా, మత్తుపదార్థాలతో ఎప్పుడైనా సంబంధం ఉందా అని మామూలుగా అడిగింది. మా ఆయన దాచుకునే మనిషి కాదు. జేబులోంచి కార్డు తీసి కెమెరాకు చూపించారు, కొంచెం గర్వంగానే. గర్వం నేను నేర్పిందే.

ఆవిడ కళ్ళజోడు తీసింది. "చివరిసారి ఎప్పుడు తీసుకున్నారు?" అంది.

"ఈరోజు పొద్దున్నే," అన్నారాయన.

ఆవిడ ఆ తేదీ రాసుకుంది. తర్వాత చెప్పింది. అప్లై చేయకండి. ఇంటర్వ్యూలో ప్రమాణం చేయించి అడిగే హక్కు ఆఫీసర్‌కుంది. అబద్ధం చెబితే అది ఇంకా పెద్ద నేరం. నిజం చెబితే, కేంద్ర చట్టం ప్రకారం మీరు మత్తుపదార్థాల నేరం ఒప్పుకున్నట్టే. మంచి నడవడి లేదని కొట్టేస్తారు. దేశం దాటి వెళ్ళకండి, తిరిగి రావడం కష్టం కావచ్చు. ఆపేయాలనుకుంటే ఆపేసిన రోజు నుంచి ఐదేళ్ళు లెక్కపెట్టుకొని, అప్పుడు రండి.

నేను ఆగలేకపోయాను. "కానీ మేడమ్, ఇది రాష్ట్ర రాజ్యాంగంలో ఉంది. ఆయన జబ్బు పేరుతో సహా ఉంది," అన్నాను.

"తెలుసు," అంది. "రాష్ట్రం తన తరఫున మాట ఇచ్చింది, మా పోలీసులు మిమ్మల్ని పట్టుకోరని. కేంద్రం తరఫున మాట ఇచ్చే అధికారం దానికి లేదు. పౌరసత్వం కేంద్రం వ్యవహారం."

"రాజ్యాంగం కంటే మామూలు చట్టం పెద్దదా?"

"ఏ రాజ్యాంగం కంటే, ఎవరి చట్టం అన్నదాన్ని బట్టి. దేశ రాజ్యాంగానికి లోబడి కేంద్రం చేసిన మామూలు చట్టమైనా సరే, రాష్ట్ర రాజ్యాంగం కంటే పైనే. ఆరో అధికరణం చూడండి."

చూశాను. ఆ చిన్న పుస్తకంలో ఆరో అధికరణం పట్టుమని అర పేజీ లేదు. ఈ రాజ్యాంగమూ, దీన్ని అనుసరించి చేసిన దేశ చట్టాలూ, ఒప్పందాలూ అన్నిటికంటే పైన ఉంటాయి, ఏ రాష్ట్ర రాజ్యాంగంలో గాని చట్టంలో గాని దీనికి విరుద్ధంగా ఏమున్నా సరే, అని ఉంది. ఆ వాక్యం కింద పెన్సిల్ గీత ఉంది. నేను గీసిందే. మొదటిసారి చదివినప్పుడు, ఆహా, రాజ్యాంగమే సర్వోన్నతం, నేను చెప్పినట్టే ఉంది అనుకొని గీశాను. చట్టాలు అన్న మాట మీద నుంచి కళ్ళు జారిపోయాయి. పదకొండేళ్ళు పాఠం చెప్పిన మనిషికి తనకు తెలిసిందే కనబడుతుంది.

అర్థమైందని చెప్పను. ఆ తర్వాత చదివినకొద్దీ ఇంకా అయోమయంగా ఉంది. కేంద్రానికి అది నేరమైతే ఊరి నడిబొడ్డున దుకాణం బోర్డు పెట్టుకొని ఎలా నడుస్తోంది? రోగులకు ఇచ్చే దుకాణాల జోలికి పోవడానికి డబ్బు ఖర్చు పెట్టొద్దని కేంద్రమే తన బడ్జెట్‌లో రాసుకుంటోందని లాయర్ చెప్పింది. రాష్ట్ర పోలీసుల చేత తన చట్టాన్ని బలవంతంగా అమలు చేయించే అధికారం కూడా కేంద్రానికి లేదట. అంటే పైదే అయినా చెయ్యి కట్టేసి ఉంది, కింది రాష్ట్రానికి సొంత బలం ఉంది, మధ్యలో గ్రీన్‌కార్డు మనిషికి మాత్రం రెండూ వర్తిస్తాయి. మా పక్కింటి ముసలాయన అదే దుకాణంలో అదే బిళ్ళలు కొంటాడు. ఆయన పౌరుడు కాబట్టి ఆయన్ని ఈ ప్రశ్న అడిగేవాడే లేడు. దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వలేదంటారు మనవాళ్ళు. మా విషయంలో పూజారి ఇచ్చేశాడు, దేవుడే ఇవ్వలేదు. దీన్ని ఏమనాలో తెలుగులో నాకు దొరకలేదు.

మా అమ్మాయి ఒక్క మాట కూడా అనలేదు. "ఐ టోల్డ్ యూ" అంటుందేమోనని రెండు రోజులు కాచుకొని కూర్చున్నాను. అనకపోవడమే కష్టంగా ఉంది. ఒకరోజు నేనే వెళ్ళి "నువ్వు చెప్పినప్పుడు వినాల్సింది" అన్నాను. అది హెడ్‌ఫోన్స్ తీసి, "ఇట్స్ ఓకే అమ్మా. డాడీకి చెప్పు అది" అంది. డాడీకి చెప్పడానికి నాకు నోరు రాలేదు.

ఆయన ఆ శనివారమే మిగిలిన బిళ్ళలన్నీ దుకాణం చెప్పిన పద్ధతిలో పారేశారు. ఫ్రిజ్ మీద క్యాలెండర్‌లో ఆ తేదీ చుట్టూ గీత గీసి, ఒకటో రోజు అని రాశారు. మూడో వారానికి గ్యారేజీలోంచి బకెట్ తిరిగి వచ్చింది. కాళ్ళు అందులో పెట్టుకొని పళ్ళు బిగబట్టి మీటింగ్‌లో "యస్, యస్, విల్ డూ" అంటుంటే వంటింట్లోంచి వినలేకపోయాను. మీటింగ్ అవగానే వెళ్ళి ఎదురుగా నిలబడ్డాను.

"ఏవండీ, మళ్ళీ వేసుకోండి. పౌరసత్వం లేకపోతే పోయింది. గ్రీన్‌కార్డు రెన్యూ చేయించుకుంటూ బతికేవాళ్ళు లేరా?"

ఆయన లాప్‌టాప్ మూసి, నన్ను కూర్చోమన్నారు.

"నువ్వు చెప్తేనే మొదలుపెట్టాను. ఇప్పుడు నువ్వు చెప్తేనే మళ్ళీ మొదలుపెడితే ఎలాగ? ఈ ఒక్కసారి నన్ను ఆలోచించుకోనీ."

మెత్తగానే అన్నారు. పెళ్ళయిన ఇరవై నాలుగేళ్ళలో నా మాట వద్దనడం అదే మొదలు. ఆలోచించుకున్నారు కూడా. నిర్ణయం మార్చలేదు. "పదమూడేళ్ళు, తర్వాత ఐదేళ్ళు ఆగాను. ఇంకో ఐదేళ్ళలో ఏముంది?" అన్నారు. ఏముందో నాకు బకెట్‌లో కనబడుతూనే ఉంది.

నా అప్లికేషన్‌లో ఏ మచ్చా లేదని లాయర్ చెప్పింది. ఆయన లేకుండా నేను చేసుకోనని మొండికేశాను. ఆయన కోప్పడ్డారు. "ఇంట్లో ఒక్కరైనా అవ్వాలి. నువ్వెళ్ళు," అని నా ఫారం నింపి, ముందు పెట్టి, పెన్ను చేతికిచ్చారు. ఈసారి ఆయన చదివారు, నేను సంతకం పెట్టాను.

ఇంటర్వ్యూలో అడిగినవన్నీ చెప్పాను. ఈ దేశానికి అత్యున్నత చట్టం ఏది అని ఒక ప్రశ్న. "రాజ్యాంగం" అన్నాను. ఆఫీసర్ రైట్ అని టిక్ పెట్టుకున్నాడు. నాకు నవ్వొచ్చిందో ఏడుపొచ్చిందో తెలియలేదు. ఈ జవాబుతోనే మా ఆయన్ని ముంచానయ్యా, దీనికి మార్కు వేస్తావేంటి అని అతనితో అనాలనిపించింది. అనలేదు. కొన్ని వారాలకు ప్రమాణం చేశాను. ఆయన వెనక వరసలో కూర్చొని చప్పట్లు కొట్టారు, బూట్లలోంచి మడమలు బయటకు తీసి.

ఆ నవంబరులో నా మొదటి ఓటు. ఒక చర్చి హాల్లో పోలింగ్. ఆయనే డ్రైవ్ చేసి తీసుకొచ్చి, బయట బెంచీ మీద కూర్చున్నారు. మనుషులకు వేయాల్సిన ఓట్లు గబగబా వేసేశాను. చివర్లో రాష్ట్ర రాజ్యాంగానికి సవరణ ఒకటి వచ్చింది. ఉన్న సవరణలో ఫలానా సెక్షన్‌లో ఫలానా మాటలు తీసేసి ఫలానా మాటలు చేర్చడానికి అంటూ, స్క్రీన్ అంతా ఒకే వాక్యం. ఒకసారి చదివాను. మళ్ళీ చదివాను. ఎవరికి మేలో, ఎవరి మెడకు చుట్టుకుంటుందో, పైవాళ్ళు దీన్ని ఒప్పుకుంటారో లేదో, నాకు ఒక్క ముక్క తేలలేదు. ఒకప్పుడైతే నిమిషంలో తేల్చేసేదాన్ని. నా వెనక క్యూ పెరుగుతోంది. ఆ గడి ఖాళీగా వదిలేసి బయటికి వచ్చాను.

ఆయన లేచి నిలబడి, ఓటేసినందుకు నా చొక్కా మీద అంటించిన స్టిక్కర్ చూసి నవ్వారు. "ఏమోయ్, రాజ్యాంగం సవరణకు ఏం వేశావు? అవునా, కాదా?"

"ఏమీ వెయ్యలేదండీ. నాకు అర్థం కాలేదు."

ఆయన మళ్ళీ కూర్చున్నారు. వంగి, బూటు లేసులు వదులు చేసుకుంటూ అన్నారు.

"ఆ ముక్క ఆరోజే అని ఉంటే బాగుండేది."

కోపంగా అనలేదు. జరిగిందానికి ఆయన నన్ను అన్నది అదొక్క మాటే. రెండో బూటు లేసు నేను వంగి విప్పాను.